ఎర్రన్న ఆటోలో తెల్లారింది

అరసవల్లిలో ముసురు పట్టిందంటే చాలు, వీధిలో ఆడవాళ్లంతా సగమెండిన వడియాలు చేటల్లో పెట్టుకుని యమున జిరాక్సు కొట్టుకి వచ్చేస్తారు. అక్కడి కంప్యూటరు తెరలోంచి పొద్దుటి ఎండ వస్తుంది మరి. ఎండంటే ఎండే. పసుప్పచ్చగా, వెచ్చగా నేలమీద పరుచుకుంటుంది. "కాస్త జరగండమ్మా, కాయితాలు వంకర్లు పోతున్నాయి" అని యమున అప్పుడప్పుడూ విసుక్కుంటుంది, అంతే.

ఆ ఎండలో రోజంతా కూర్చునేది యమున మామ్మ జగ్గమ్మ. మూడేళ్ల కిందట ఆమెకి చూపు పోయింది. ఇంక రాదు, ఆశ వదులుకోమన్నారు డాక్టర్లు. కానీ ఆ తెర ఎండలో మాత్రం బియ్యంలో మట్టిగడ్డ కూడా కనిపిస్తుంది ఆమెకి. ఎండ దాటి అడుగేస్తే మళ్లీ చీకటే. దగ్గర్లోని గార ఊళ్లో మంచం పట్టిన అక్క పైడమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఏడ్చుకుంటూ తిరిగొచ్చింది.

"సెయ్యి పట్టుకున్నాను గానీ మొకం సూడ్నేదే గుంటా. అదెల్లిపోయేలోగా ఒక్కపాలి సూస్తే సాలు."

కంప్యూటర్నే గారకి మోసుకెళ్లారోసారి. కొట్టు దాటాక అది ఉత్త డబ్బా.

ఇలా ఉండగా యమున మేనమామ ఎర్రన్న వచ్చాడు. ఆటో నడుపుతాడు. ఆదివారమొస్తే సూర్యదేవుడి గుడి దగ్గర స్టాండులో వంతుల కోసం కొట్టుకు చస్తారు కదా, ఎవరి వంతు ఎప్పుడో చెప్పే ప్రోగ్రాం రాసిపెట్టమన్నాడు. ఆటోలో బిగించడానికి ఓ పాత చిన్న ల్యాప్‌టాప్ కూడా సంపాదించాడు. యమున రాసింది. తీరా రాశాక, దాన్ని యంత్రం భాషలోకి మార్చాల్సిన కంపైలర్ మొరాయించింది. మరీ పాతదాయె! ఈ కొత్త మాటలు నాకు తెలీవు పొమ్మంది.

"మొత్తం సిస్టమే కొత్తదెక్కించెయ్, గంటలో అయిపోద్ది" అన్నాడు రిపేరు షాపు యుగంధర్.

ఈ మహానుభావుడి మాట వింటే అంతే సంగతులు! ఒకప్పుడు ఆయన కంప్యూటర్లోంచి ఏడాది పొడుగునా జీడిపూల వాసన వచ్చేది. సిస్టం మొత్తం మార్చాడు, వాసన పోయింది. ఇప్పటికీ ఎవరూ లేనప్పుడు దాని ఫ్యాను దగ్గర ముక్కు పెట్టి చూస్తాడు, పాపం.

యమున వద్దంది. సిస్టం మారితే ఎండ పోతుంది. ఎండ పోతే మామ్మ కళ్లు పోయినట్టే. రెండు రోజులు తిండి సయించలేదు పిల్లకి. చివరికి మామ్మ పక్కన చతికిలబడింది.

"పాత పొయ్యి ముట్టుకోనే మామ్మా. పక్కన ఇంకో పొయ్యి పెడతాను."

"రెండు పొయ్యిలెడితే ఇల్లు ఇడిపోద్దేటే?"

"విడిపోదులే. ఇల్లొకటే, కూడొక్కటే కొత్త పొయ్యి మీద."

కొత్త కంపైలర్ని నెట్‌లోంచి ముడి కోడుగా దించుకుని, పాత కంపైలర్ చేతే కట్టించడం మొదలెట్టింది. దాన్ని వేరే ఫోల్డర్లో పెట్టమంది. పాతది తీసెయ్యమంటావా అని కంప్యూటరు అడిగితే వద్దని టైపు కొట్టింది. పొద్దున మొదలెడితే మధ్యాహ్నం దాటినా కట్టుబడి తెమల్లేదు. ఫ్యాను రొప్పుతోంది. తెరలో ఎండ కొంచెం కొంచెంగా వాలింది.

"పొద్దోతన్నాదేటే యమునా? గింజలు కనపడ్నేదు."

యమున తెర ముందుకి పరిగెత్తింది. ఆపితే ఏమవుతుందో తెలీదు, ఆపకపోతే ఏమవుతుందో తెలీదు. తెర పట్టుకుని "నా తల్లి కదూ, నా బంగారం కదూ" అని బతిమాలుకుంది. ఎండ ఎర్రబడింది, సన్నబడింది, చేటలో బియ్యపు గింజంత మిగిలింది. అప్పుడు ఫ్యాను నెమ్మదించింది. కొత్త కంపైలర్ సిద్ధమని తెర చెప్పింది. ఎండ మెల్లగా లేచి మామ్మ ఒళ్లోకొచ్చి కూర్చుంది.

"ఇదిగో, దొరికింది రాయి" అంది మామ్మ.

ఇంక ప్రోగ్రాం కొత్త కంపైలర్లో ఇట్టే తయారైంది. ఎర్రన్న ల్యాప్‌టాప్‌లో ఏ సామాను ఉందో, ఏది లేదోనని, పాత సిస్టంలోంచి కావలసినవన్నీ ప్రోగ్రాంలోనే మూటగట్టేసింది యమున. ఆ మూటలోకి ఇంకేం వెళ్లిందో ఆమెకేం తెలుసు? కొట్టు ముందు ఆటో ఆపి, ఎర్రన్న ల్యాప్‌టాప్ బిగించి మీట నొక్కాడు. ఆటోలో తెల్లారింది. ఎండ గుమ్మం దాకా పాకింది.

గుమ్మంలో తడుముకుంటున్న జగ్గమ్మ ఆగిపోయింది.

"ఓలమ్మ! నీ సీటు సిరిగిపోనాదేటిరా ఎర్రన్నా!"

ఎర్రన్న వెనక్కి తిరిగి చూసుకున్నాడు. చిరిగే ఉంది. యమున దగ్గరికొచ్చి మామ్మ కళ్లలోకి చూసింది.

"అలా సూస్తారేటి? గారకి పోనియ్ బేగి" అంది జగ్గమ్మ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంటూ.

యమున కూడా ఎక్కింది. గారలో పైడమ్మ గుమ్మానికి ఎదురుగా ఆటో నిలిపాడు ఎర్రన్న. ఎండ గడప దాటి మంచమ్మీద పడింది. జగ్గమ్మ అక్క మీదికి వంగి, ఒక్కో ముడతా చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంత ముసిల్దానివైపోనావేటే అక్కా!"

"నువ్వేటి, పెళ్లికూతురిలాగున్నావనుకుంతన్నావా?" అంది పైడమ్మ.

ఇద్దరూ పగలబడి నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు.

ఆటోలో ప్రోగ్రాం టింగుమంది. స్టాండులో ఎర్రన్న వంతు వచ్చింది. యమున అతని వంక చూసింది.

"నా వంతు పోతే పోనియ్యే" అని ఎర్రన్న కళ్లు తుడుచుకుని, ఎండకి అడ్డం కాకుండా పక్కకి జరిగి నిలబడ్డాడు.