మరికొందరు

గుమాస్తా ఎర్రసిరా పెన్ను తీసి దూది దరఖాస్తు మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టేశాడు. వెనక లైన్లో నిలబడ్డ ఇరవై రెండు మందీ కళ్లారా చూశారు.

"పద్నాలుగో గడిలో ఏం రాశావో చూసుకున్నావా?" అన్నాడు.

'మీ మీద ఎప్పుడైనా పోలీసు కేసు నమోదైందా?' అని అడుగుతుంది ఆ గడి. దూది 'అవును' అని రాసింది. ఉన్నమాటే రాసింది.

ఆమెకా పేరు వార్డు పెట్టింది. దూది ఉండలు ఆమె చుట్టే వేగం చూసి పేషెంట్లు ముచ్చటపడి పిలిచిన పేరు. ఆరేళ్లుగా ఆయా పని చేస్తోంది. ఆరేళ్ల సర్వీసు నిండిన ఆస్పత్రి పనివాళ్లకు నర్సు ట్రైనింగులో ఇరవై సీట్లిస్తామన్నారు. పరీక్ష పెట్టారు. పాసైన ఇరవై మూడు మందిలో ఆమెదే మొదటి ర్యాంకు. దరఖాస్తుకి రేపే ఆఖరి రోజు. ఈ ఏడు తప్పితే ఆమెకు వయసు దాటిపోతుంది, ఇక జన్మలో నర్సు కాలేదు.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇంకో కాగితం మీద 'లేదు' అని రాసుకురా. నేను చూడనట్టే ఉంటా."

"తర్వాత పోలీసు విచారణ ఉంటుంది కదండీ?"

"ఉంటుంది. అబద్ధం రాసినందుకు అప్పుడు తీసేస్తారు."

"మరి అవునంటే?"

"ఇప్పుడే తీసేస్తాం," అని కౌంటర్ మూసి మిగతావాళ్లను రేపు రమ్మన్నాడు.

ఇదీ వాళ్ల న్యాయం! ఆ కేసు ఏపాటిదో కూడా చెప్పుకోవాలి. ఐదేళ్ల కిందట, గ్లౌజులివ్వకుండా చెత్త ఎత్తిస్తే, బుట్టలోని సూది గుచ్చుకుని దూది వాళ్లమ్మకు లివరు పాడైంది. ఆమె అక్కడే ఊడ్చే పని చేసేది. గ్లౌజులివ్వండని పనివాళ్లంతా గేటు ముందు బైఠాయించారు. పోలీసులు దూదితో సహా ఏడుగురిని ఎత్తుకెళ్లి, విధులకు ఆటంకమని కేసు పెట్టారు. వాయిదాలకు కాళ్లరిగేలా తిప్పి తిప్పి చివరికి కోర్టు దాన్ని కొట్టేసింది. గ్లౌజులు మాత్రం అరెస్టుల మర్నాటి నుంచే వచ్చాయి.

ఆ కోర్టు కాగితం పట్టుకుని దూది ఆస్పత్రి పెద్దసారు గదికి వెళ్లింది.

"కొట్టేశారా అని మేం అడగలేదమ్మా. నమోదైందా అని అడిగాం," అన్నాడాయన.

"గ్లౌజులడిగినవాళ్లనీ, దొంగతనాలు చేసినవాళ్లనీ ఒక్క గడిలోనే పడేస్తారా సార్?"

"ఉన్నది ఒకటే గడి. రోగికి నీ మీద నమ్మకం ఉండాలి కదా!"

దూదికి ఒళ్లు మండింది. పొద్దున ఈ చేతులతోనే పదకొండు మందికి ఒళ్లు తుడిచొచ్చింది. ఆయా పనిలో చేరినప్పుడు ఏ గడీ నింపమనలేదు. మలమూత్రాలెత్తడానికి నమ్మకం అక్కర్లేదు కాబోలు.

మధ్యాహ్నం భోజనాల వేళ పాసైన ఇరవై మూడు మందీ బట్టలుతికే గదిలో చేరారు. పరీక్ష రాయకపోయినా వచ్చిన అంబులెన్సు డ్రైవరు, అప్పటి ఏడుగురిలో ఒకడు, ముందు మాట్లాడాడు. "అర్జీ పెడదాం."

"అర్జీకి జవాబొచ్చేసరికి దూదికి మనవలు పుడతారన్నా," అన్నాడు ఎక్స్‌రే గది అటెండరు. నవ్వారు గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

ఓపీ చీటీలు రాసే చీటీలక్క దూది భుజం మీద చెయ్యి వేసింది. "లేదనే రాసెయ్యవే. తర్వాత సంగతి తర్వాత."

"రాయనక్కా. గేటు దగ్గర కూర్చోడం తప్పేనని నా చేత్తో నేనే రాసిచ్చినట్టవుతుంది. మా అమ్మ మొహం ఎట్లా చూడను?"

వాళ్లమ్మ మూల స్టూలు మీద కూర్చుని ఉంది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. ప్లాస్టిక్ సంచీలోంచి పాత కేసు కాగితం తీసి డ్రైవరుకిచ్చింది. "పూర్తిగా చదువు నాయనా. మీ ఏడుగురి పేర్లయ్యాక ఇంకేదో ఉందని వకీలుగారు అనేవారు."

డ్రైవరు చదివాడు. "...పై ఏడుగురు, మరికొందరు కలిసి..."

"ఆ మరికొందరెవరు?" అందామె.

చీటీలక్క తల దించుకుంది. "నేనమ్మా. జీపు రాగానే సైకిల్ స్టాండు వెనక నక్కాను. దూదిని జుట్టు పట్టి ఎక్కించడం అక్కణ్నుంచే చూశాను. ఐదేళ్లయింది, దీంతో ఆ మాట అనలేకపోయాను."

"నేనూ ఉన్నా," అన్నాడు అటెండరు.

"ఉంటే? ఇప్పుడు చెప్పుకుని ఉన్న సీటు పోగొట్టుకోవాలా? నాకిద్దరు పిల్లలు!" అంటూ ఒకామె లేచి వెళ్లిపోయింది. ఆమె వెనక మరో ఐదుగురు. వాళ్లను ఎవరూ తిట్టలేదు. మిగిలినవాళ్లు గంట మోగేదాకా వాదించుకున్నారు, అరుచుకున్నారు, ఒకరిద్దరు ఏడ్చారు.

మర్నాడు కౌంటర్ తెరవగానే చీటీలక్క దరఖాస్తు తోసింది. పద్నాలుగో గడిలో ఇలా ఉంది: 'అవును. గేటు దగ్గర గ్లౌజులడిగిన మరికొందరిలో నేనొకదాన్ని.' గుమాస్తా ఎర్రపెన్ను తీశాడు. రెండోదాంట్లోనూ అదే. మూడోదాంట్లోనూ అదే. దూదిదాంట్లో నిన్నటి మాటే. ఏడో కాగితం దగ్గర పెన్ను కింద పెట్టాడు.

"మీకేమన్నా పిచ్చా?"

"అడిగారు, చెప్పాం," అంది చీటీలక్క.

పెద్దసారు పరుగున వచ్చాడు. "పదిహేడూ కొట్టేస్తా!"

"కొట్టేయండి సార్. ఇరవై సీట్లకి ఆరుగురు మిగుల్తారు. బెంచీలకు పాఠాలు చెప్పుకోండి," అన్నాడు అటెండరు.

దరఖాస్తులు తీసుకునేదాకా కదలమని పదిహేడు మందీ అక్కడే నేల మీద కూర్చున్నారు. గంటలో జీపొచ్చింది. కేసులు రాసుకునే స్టేషన్ రైటరు పుస్తకం తెరిచి దూది పేరు రాసుకున్నాడు. తర్వాత ఆ గుంపుకేసి చూసి మొహం చిట్లించాడు. "వీళ్లందర్నీ ఎవడు రాస్తాడు? మరికొందరు అని పెట్టేస్తే పోలా!"

"పెట్టొద్దు," అంది దూది, లేచి నిలబడి. "ఐదేళ్ల కిందట అలాగే రాసి మమ్మల్ని ఒంటరిచేశారు. ఈసారి అందరి పేర్లూ రాయాల్సిందే."

రైటరు విసుక్కుంటూ పేజీ తిప్పాడు. చీటీలక్క ముందుకొచ్చి తన పేరు చెప్పింది, వరండా అంతా వినపడేలా, ఇంటిపేరుతో సహా.