బిందెల వరస

1987 జూలైలో ఒక సోమవారం పొద్దున, రేపల్లెలో వార్డు కౌన్సిలరు దేవసహాయం వీధి కుళాయి దగ్గర వరసలో ఉన్న బిందెలన్నీ తీయించేశాడు. మనిషి నిలబడితేనే వరస, మనిషికి రెండు బిందెలు అన్నాడు.

అంతవరకు ఆ వీధిలో మనుషుల బదులు బిందెలు నిలబడేవి. తెల్లవారుతుండగా ఎవరి బిందె వాళ్ళు పెట్టి పనికి వెళ్ళిపోయేవాళ్ళు. నీళ్ళు వచ్చాక అక్కడున్నవాళ్ళు లేనివాళ్ళ బిందెలు కూడా పట్టి పక్కన పెట్టేవాళ్ళు. ఈమధ్య కొండలరావు టిఫిన్ హోటలు బిందెలు తొమ్మిది వరసలో ముందుకొచ్చి చేరాయి. రెండుసార్లు జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. ఆ సంగతి తేలుస్తానని చెప్పే దేవసహాయం ఓట్లడిగాడు.

ఆయన పదిహేడేళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. ఎన్నికల మీటింగుకు తెనాలి నుంచి వచ్చిన ప్లీడరు పూర్ణచంద్రరావు, సరిహద్దు కాసినవాడు వార్డు కాయలేడా అని మైకులో అడిగాడు. జనం చప్పట్లు కొట్టారు. మిలట్రీ మనిషి ఒకరి రూపాయి ముట్టడని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది కూలికి వెళ్ళే దానమ్మ.

గురువారం సాయంత్రం ఆ దానమ్మే వచ్చి ఆయన గుమ్మం దగ్గర నిలబడింది.

"లోపలికి రా దానమ్మా," అంది దేవసహాయం భార్య రాహేలు.

"రాను వదినా. అన్నయ్యతో మాటుంది. అన్నయ్యా, నాట్లకి ట్రాక్టరు ఆరింటికే బయలెల్లిద్ది. నీళ్ళేమో ఆరున్నరకి. నేను కుళాయి కాడ నిలబడితే నాటు ఎవరేస్తారు? ఇప్పటికి రెండ్రోజులు పోయినియ్. రేపు గనక రాకపోతే సీజనంతా నా బదులు ఇంకో మనిషిని పెట్టుకుంటానన్నాడు మేస్త్రీ రాఘవయ్య. బాపట్లలో పిల్ల హాస్టలుకి ఏం కట్టమంటావు?"

"ఇదంతా హోటలువాణ్ణి ఆపడానికేగా దానమ్మా."

"వాడికేమైంది? ఐదుగురిని కూలికి నిలబెట్టాడు. పది బిందెలు. ముందు తొమ్మిదేగా. నువ్వొచ్చాక ఒకటి పెరిగింది."

రాహేలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది.

"సైన్యంలో రోల్‌కాల్‌ ఉంటుంది," అన్నాడు దేవసహాయం. "ఎవడి పేరుకి వాడే పలకాలి. ఒకడి బదులు ఇంకోడు పలికితే ఇద్దరికీ శిక్షే. బిందె పలకదుగా?"

"నా బిందెకి పక్కింటి అంకాలమ్మత్త పలికేది అన్నయ్యా. ఏనాడన్నా పలకనందా?"

దానమ్మ వెళ్ళిపోయింది. రాహేలు అన్నం వడ్డిస్తూ, "ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఆర్డరిచ్చి వారం కాలేదు. వెనక్కి తీసుకుంటే నా మాట ఇంకెవడు వింటాడు? కొండలరావు నన్ను వీధిలో తిరగనిస్తాడా?"

"మీ కల్నలుగారు ఇల్లిల్లూ తిరిగి దండాలు పెట్టి కల్నలయ్యారా?"

"ఏంటే ఆ మాట?"

"మీరు పెట్టారు. పక్కనే ఉన్నాగా. దానమ్మకైతే రెండుసార్లు పెట్టారు."

పదిహేడేళ్ళలో వెనక్కి తీసుకున్న ఆర్డరు దేవసహాయం ఒక్కటీ చూడలేదు. తప్పని తెలిసినవాటిని కూడా అందరూ కలిసి చేసి ముగించేవాళ్ళు. తానూ చేశాడు. అదే నాయకత్వమనుకున్నాడు. అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం ట్రాక్టరు రాకముందే కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నారు. కొండలరావు హోటలు మెట్ల మీద ఉన్నాడు.

"నేను పెట్టిన పద్ధతి తప్పమ్మా," అన్నాడు దేవసహాయం. "మిమ్మల్ని అడక్కుండా పెట్టాను. ఎలా చేద్దామో మీరు చెప్పండి."



"ఇంటికి రెండు బిందెలు," అంది అంకాలమ్మ. "మనిషి ఉన్నా లేకపోయినా. హోటలు ఇల్లు కాదు. వాళ్ళని ఆఖర్న పట్టుకోమను."

"నా హోటల్లో టీ తాగేది మీ మొగుళ్ళేగా?" అన్నాడు కొండలరావు.

"అందుకే ఆఖర్నయినా ఇస్తున్నాం."

కొండలరావు దేవసహాయం వైపు తిరిగాడు. "ఏంటి హవల్దారుగారూ, అప్పుడే వెనకడుగా?"

"అవునండి," అన్నాడు దేవసహాయం.

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. బిందెలు కిందికి దిగాయి. దానమ్మ తన రెండు బిందెలూ వరసలో పెట్టి, "మళ్ళీ మారిద్దా అన్నయ్యా ఇది?" అంది.

"మారిస్తే ఆ ట్రాక్టరు నా మీద తోలించు."

రోడ్డు మీద హారను మోగింది. దానమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. రాఘవయ్య అప్పటికే ఆమె బదులు నాగరత్నం అనే మనిషిని ఎక్కించాడు. నాగరత్నాన్ని దించలేదు. దానమ్మను కూడా ఎక్కమన్నాడు. ట్రాక్టరు చెరుకుపల్లి వైపు వెళ్ళింది.