పది కోట్ల ఒకటి

లెక్కల టీచరుగా ఎన్నో తరగతులను హడలెత్తించిన అక్కకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆసుపత్రిలో మాటలు నేర్పించే ఆమె రోజూ వచ్చి గొడుగు బొమ్మ, పిల్లి బొమ్మ చూపించి, "ఇదేంటో చెప్పండి" అనేది. అక్క మొహం గోడవైపు తిప్పేసుకునేది.

చూస్తున్న చెల్లెలికి ప్రాణం ఉసూరుమంది. ఆమె బ్యూటీ పార్లరు నడుపుతుంది. చిన్నప్పటి లెక్కల మార్కుల పుణ్యమా అని ఇంట్లో ఆమెకి 'సున్నా' అనే పేరు స్థిరపడింది. ఆ పేరు పెట్టింది అక్కే. పెళ్లిళ్లయ్యాక ఇద్దరికీ రాకపోకలు కూడా తగ్గాయి.

ఓ మధ్యాహ్నం చెల్లెలు ఎక్స్‌రే కవరు వెనక ఒకటి వేసి, ఏడు సున్నాలు చుట్టి, చివర మరో ఒకటి పెట్టింది.

"పది కోట్ల ఒకటి. దీన్ని దేంతో భాగించినా శేషం మిగిలి తీరుతుంది. ఇది ప్రధాన సంఖ్యే. కాదంటావా అక్కా?"

అక్క ఎడమచేత్తో మంచం కమ్మీ మీద టక్కున కొట్టింది. కాదన్నమాట.

"అయితే నేను భాగిస్తా, నువ్వు చూడు."

మూడుతో పోలేదు. ఏడుతో మూడు మిగిలింది, పదకొండుతో రెండు. పదమూడో ఎక్కం రాక చెల్లెలు వేళ్లు మడుచుకుంటూ తంటాలు పడింది. తప్పు చేసినప్పుడల్లా కమ్మీ మోగేది. రోజుకో భాగహారం తెమలడమే గగనమయ్యేది. అయినా పార్లరు మూసేసి మరీ వచ్చేది.

పదిహేడు దగ్గర ఎక్కడో తప్పు చేసి ఐదు మిగిల్చింది. కమ్మీ మోగినా వినిపించుకోలేదు.

"ఇక నా వల్ల కాదు. నేనే గెలిచా" అంటూ సంచి భుజాన వేసుకుంది.

"ప... పదిహేడు!"

చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయింది. అది అక్క గొంతే. పరుగున వెనక్కి వచ్చి, చెమర్చిన కళ్లతోనే మళ్లీ మొదట్నుంచీ భాగించింది. ఈసారి ఏమీ మిగల్లేదు. భాగఫలం 5882353.

అక్క దాని మీద వేలు పెట్టి, "కోయి" అంది.

"ఏం కొయ్యాలి తల్లీ, ఇదేమన్నా సొరకాయా?"

అక్క వేలు మూడో అంకె తర్వాత గీత గీసింది. అటు 588, ఇటు 2353. "వర్గం... కూడు" అని కూడబలుక్కుంది. చెల్లెలు ఫోనులో ఒక్కోదాన్నీ దాంతోనే హెచ్చవేసి, రెండూ కలిపింది. మళ్లీ అదే 5882353!

"ఇదంతా నీకు ముందే తెలుసా?"

అక్క తలూపింది.

"మరి మొదటి రోజే పదిహేడని చూపించొచ్చుగా! ఇన్నాళ్లూ నా చేత గొడ్డుచాకిరీ చేయించావేం?"

అక్క పెదాలు చాలాసేపు కదిలాయి.

"చూపిస్తే... నువ్వు... రావుగా."

చెల్లెలు సంచి కింద పెట్టి, అక్క వెనక్కి చేరి జుట్టు చిక్కు తీయసాగింది.

"నీ మొహం. లెక్క లేకపోయినా వస్తాను" అంది.

అక్క నవ్వింది. ఆ నవ్వు ఒక పక్కకే విచ్చుకుంది.