ఏకగ్రీవానికో మెడ

దోహాలో మా తెలుగు సంఘం ఎన్నికలు ఇక్కడి వాన లాంటివి. మబ్బు పడుతుంది, ఉరుముతుంది, చివరికి ఏకగ్రీవంగా ఎండే కాస్తుంది. ఏకగ్రీవం అంటే ఒకే మెడ అని అర్థం. ఆ మెడలో దండ పడాలంటే ఇంకో మెడ వంగాలి. ఈసారి వంగాల్సిన మెడ మాలతిది.

మాలతిది జగిత్యాల. అల్ హిలాల్‌లో కాపురం, స్కూల్లో సోషల్ టీచరు. సంఘం పుట్టాక అధ్యక్ష పదవికి నామినేషన్ వేసిన మొదటి ఆడమనిషి. గెలిస్తే పండగలన్నీ హోటల్ హాళ్ళలోంచి కూలీల క్యాంపుల పక్కనున్న ఏషియన్ టౌన్‌కి తెస్తానంది, సైట్ల మీద పనిచేసేవాళ్ళు కూడా వచ్చేలా. ఆ మాటకి క్యాంపుల్లో ఓట్లు పండాయి. మళ్ళీ పోటీలో ఉన్న పాత అధ్యక్షుడు రామకృష్ణారావుగారికి కడుపు మండింది.

మహిళా దినోత్సవ సభకి ముఖ్య అతిథి మార్గరెట్ లిన్‌ఫోర్డ్. అమెరికాలో ఒకప్పుడు సెనేటరు, ఇప్పుడు ఇక్కడ పాఠాలు చెప్పడానికొచ్చింది. ఆవిడ ఉపన్యాసం తెలుగులో చెప్పే పని మాలతికిచ్చారు.

సభకి ముందు స్టేజీ వెనక, శాలువాల మడతలు విప్పుతూ రావుగారు ఆమెని పట్టుకున్నారు.

"అమ్మా మాలతీ, అమెరికా ఆవిడ ముందు మనలో మనకి గొడవలని తెలిస్తే బాగుంటుందా? పోటీ ఎందుకమ్మా? పో, టీ సంగతి చూడు!" అని తన జోకుకి తనే నవ్వేశారు.

"క్యాంపు పోరగాళ్ళకు మాటిచ్చిన సార్."

"మాటెక్కడికి పోతుంది? వచ్చేసారి నువ్వే అధ్యక్షురాలివి. ఇప్పటికి మహిళా విభాగం తీసుకో. సంఘం చీలితే ఆ పాపం నీకెందుకు?"

బయట జనం నిండారు. అతిథి కారు దిగింది. రావుగారు కదలరు.

"సరే సార్, మీ ఇష్టం."

సరే అన్నాక సరిచేసుకునే వ్యవధేదీ? రావుగారు మైకు దగ్గరికి పరుగెత్తి తన ఏకగ్రీవం ప్రకటించేశారు. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. తెలుగు రాని లిన్‌ఫోర్డ్ కూడా కొట్టింది.

తర్వాత సన్మానాలు. స్పాన్సర్లకి, స్పాన్సర్ల బావమరుదులకి. "ఈ శాలువాలు చాలవా?" అని జనం గొణిగాక గానీ అతిథికి మైకు దొరకలేదు.

ఆవిడ ఒక్కో మాట ఇంగ్లీషులో అంటుంటే మాలతి తన మాటల్లో చెప్పింది.

"స్కూలు బస్సు సక్కగ వస్తలేదని కొట్లాడి రాజకీయాలల్లకొచ్చిన. మేయరునైన. సెనేటుకు పోయిన. దేశాధ్యక్ష పదవికి నిలబడ్డ. గెలిచేటట్టే ఉండె. పార్టీ పెద్దమనుషులొచ్చి, నువ్వు తప్పుకోకుంటే పార్టీ చీలుతది, ఉపాధ్యక్ష పదవి నీకే, అన్నరు." మాలతి మైకు ఇంకో చేతికి మార్చుకుంది. "తప్పుకున్న."

ఉపాధ్యక్ష పదవి అన్నవాళ్ళు చివరికి పెట్టింది ఉపవాసమేనట. ఇంకోరోజైతే ఆ ముక్కకి మాలతే ముందు నవ్వేది.

"ఓడిపోయుంటే ఎప్పుడో మర్చిపోతుంటి. చివరిదాక నిలబడకపోయిన గనుకనే మరుపొస్తలేదు."

రావుగారు ఫోన్ చూసుకున్నారు.

లిన్‌ఫోర్డ్ మాలతి వైపు తిరిగింది. "మీ సంఘానికి ఎన్నికలట కదా? ఆడవాళ్ళెవరైనా నిలబడ్డారా?"

మాలతి దాన్ని తెలుగులో చెప్పలేదు. ఇంగ్లీషులోనే జవాబిచ్చింది: "లేదు మేడం. మాలో పోటీ లేదు. అందరిదీ ఒకటే మాట."

మాలతి ముఖం చూసి ఏదో తేడా ఉందనిపించిందేమో, వెనక వరసలో సురేందర్ లేచాడు. స్టీల్ కట్టే పని అతనిది, క్యాంపు నుంచి వచ్చాడు.

"అక్కా, ఆమెకు జెప్పు! నువ్వు నిలబడ్డవ్ గదా? నీ కోసమే డ్యూటీ మార్చుకొని వచ్చినం. ఎందుకు తప్పుకున్నవ్? ఆమెకు జెప్పు, మాకు జెప్పు!"

"ఏమంటున్నాడు?" లిన్‌ఫోర్డ్ ఆసక్తిగా ముందుకు వంగింది.

మాలతి సురేందర్‌ని చూసింది. రావుగారు చేతిలో ఫోన్ కింద పెట్టి ఆమెనే చూస్తున్నారు.

"భోజనాలెప్పుడని అడుగుతున్నాడు మేడం."

లిన్‌ఫోర్డ్ పకపకా నవ్వింది. "నేనూ అదే అడుగుదామనుకుంటున్నా!"

సురేందర్‌కి ఇంగ్లీషు రాదు. అంత పెద్దమనిషి తన ప్రశ్నకి నవ్విందనుకుని, తల దించుకుని కూర్చున్నాడు.