కాలువకు ఎగువన రెండెకరాలు

మా మామగారు పోయేముందు తన నాలుగెకరాలనూ రెండు ముక్కలు చేసి, ప్రార్థన చేయించి, చీటీలు వేశారు. నా భార్య జోజమ్మకు పై రెండెకరాలు వచ్చాయి. ఆమె చెల్లెలు హన్నాకు కింది రెండెకరాలు. దేవుని పేరు మీద తీసిన చీటీ కాబట్టి నేను మారు మాట్లాడలేదు. కాని ఇరవై ఏళ్ళుగా హన్నా భర్త యేసుబాబు పొలం వైపు చూసినప్పుడల్లా, ఆ చీటీలు మడిచిన చేతుల మీద నాకు అనుమానం కలుగుతూనే ఉంది.

మాది ఎ.కొండూరుకు ఆవల, రెండు కొండల నడుమ ఉన్న లోయ. నేను వేయించిన రెండు బోర్లూ దుమ్మే పోశాయి. యేసుబాబుకు మొదటి బోరులోనే నీళ్ళు పడ్డాయి. వాన పది రోజులు తప్పితే నా పత్తి తల వేలాడేస్తుంది. అతని మామిడి మొక్కలు మే నెలలో కూడా చిగుళ్ళు వేస్తాయి. ఆదివారం చర్చిలో అతను లేచి దేవుడు చేసిన మేళ్ళు చెబుతుంటే అందరితోపాటు నేనూ ఆమెన్ అనేవాణ్ణి. లోపల ఏమనుకునేవాణ్ణో ప్రభువుకు తెలుసు.

నిరుడు తిరువూరు నుంచి ఇంజనీరు నీహారిక గారు వచ్చారు. లోయ మొదట్లో రెండు కొండలకూ నడుమ కట్ట వేసి వాననీటిని నిలుపుతారట. అక్కణ్ణుంచి వాలు వెంబడి కాలువ తవ్వుతారట. మూడు కాళ్ళ యంత్రంలోంచి చూస్తూ ఆమె చెయ్యి ఊపితే, కూలీలు ఎర్రగుడ్డ కట్టిన మేకులు పాతుకుంటూ వచ్చారు. ఆ మేకులు తిన్నగా యేసుబాబు పొలం నడిమధ్యకు వెళ్ళాయి.

బోరు అతనికే, కాలువా అతనికేనా?

"మేడమ్, అక్కడ తవ్వలేరండి," అన్నాను. "మూడడుగుల కింద ఒకటే బండ. గునపం దిగదు."

యేసుబాబు పక్కనే ఉన్నాడు. నా వైపు ఒకసారి చూసి కండువా దులుపుకున్నాడు.

నీహారిక గారు కాసేపు లెక్కలు చూసుకున్నారు. "కట్టకు తూము కాస్త ఎత్తులో పెడితే కాలువకు పై గీత కూడా కుదురుతుంది. రేపు అటు కొలుద్దాం," అన్నారు.

మర్నాడు ఎర్రగుడ్డలు నా పొలం కింది అంచుకు వచ్చాయి. జోజమ్మతో చెబితే కళ్ళు తుడుచుకుంది. "మన మొర ఇన్నాళ్ళకు విన్నాడండీ దేవుడు," అంది. అబద్ధం సంగతి ఆమెకు చెప్పలేదు.

నెల తరవాత చర్చి వరండాలో మీటింగు పెట్టి ప్లాను పరిచారు. నీళ్ళు పారే పొలాలకు నీలం రంగు వేసి ఉంది. యేసుబాబు రెండెకరాలూ నీలమే. నాది తెల్లగా ఉంది.

"మేడమ్, నా పొలానికి రంగు వేయడం మరిచిపోయారు," అన్నాను.

"మరిచిపోలేదండీ. మీది కాలువకి పైన ఉంది కదా. నీళ్ళు పైకెలా ఎక్కుతాయి? కింది అంచున ముప్పై సెంట్లు కాలువలో పోతాయి. దానికి పరిహారం ఇస్తారు."

వరండా అంతా నవ్వింది. లాజరు ఆగలేకపోయాడు. "సుందర్రాజు మావా! అంటే వంట నీ పొయ్యి మీద, భోజనం యేసుబాబు ఇంట్లో అన్నమాట!"

మేము బోర్ల మీద బతికినవాళ్ళం. పైపు ఎటు తిప్పితే నీళ్ళు అటు వస్తాయి. కాలువలంటారా, విజయవాడ వెళ్ళే బస్సు కిటికీలోంచి చూడటమే. కాలువ ఎవరి పొలంలోంచి పోతే నీళ్ళు వాళ్ళవే అనుకున్నాను. నీళ్ళు దిగువకే పారతాయని తెలియని రైతు ఉంటాడా అని మీరు అడగవచ్చు. తెలియక కాదు. అసూయలో అది గుర్తుకు రాలేదు.

ఇక లేచి నిజం చెప్పాను. "అక్కడ బండ లేదు మేడమ్. అబద్ధమాడాను." చెబుతుండగానే నాకు అనుమానం వచ్చింది. ఇది పశ్చాత్తాపమా, లేక నా ముప్పై సెంట్లు దక్కించుకుని అతని భూమి పోగొట్టడమా?

నీహారిక గారు యేసుబాబు వైపు తిరిగారు. "మీ పొలమే కదా. మీకు తెలీదా?"

"తెలుసండి," అన్నాడతను తల దించుకుని. "కుర్రతనంలో కాలవ పనులకి వెళ్ళినోణ్ణి. పైనుంచి పోతే నా చేనంతా తడుస్తుందని కూడా తెలుసు. అన్నయ్య చెప్తుంటే నోరు మూసుకున్నా."

ఇన్నేళ్ళలో అతను నాకు దగ్గరగా అనిపించింది ఆ ఒక్క నిమిషమే.

ఆమె ప్లాను మీద చెయ్యి పెట్టారు. "బండ ఉన్నా లేకపోయినా పై గీతే మంచిది. దిగువన ఇంకో అరవై ఎకరాలు తడుస్తాయి. కాని సుందరరాజు గారూ, మీరు ఒప్పుకుంటేనే. లేదంటే పాత గీతకే వెళ్తాం."

అరవై ఎకరాలవాళ్ళూ అక్కడే కూర్చుని ఉన్నారు. పిచ్చమ్మ ఉంది, ఏడుకొండలు ఉన్నాడు. ఇందాక నవ్విన లాజరు ఇప్పుడు నవ్వడం లేదు. జోజమ్మ నా వైపు చూడలేదు. కాగితం తీసుకుని సంతకం పెట్టాను.

బయటికి వస్తుంటే యేసుబాబు వెంట వచ్చాడు. "అన్నయ్యా, కాలవ వచ్చాక నాకు బోరుతో పనుండదు. నీ చేలోకి పైపు వేసుకో. అక్కాచెల్లెళ్ళు తిట్టుకోకుండా ఉంటారు."

ఇరవై ఏళ్ళు కోరుకున్న నీళ్ళవి. వాటిని ఇచ్చే మంచితనం కూడా అతనికే దక్కాలా ప్రభువా అని నా మనసు మళ్ళీ గునిసింది. దాన్ని ఎలా ఆపాలో నాకు ఇంకా తెలియలేదు.

"పైపు నేనే కొనుక్కుంటాలే," అన్నాను. అంతకన్నా మంచి మాట ఆ పూట నా నోట రాలేదు.