రెండో జత

ప్రాక్టీస్ అయ్యాక కాసేపు చెవులు గుయ్యిమనడం షమీమ్‌కు మామూలే. తెల్లారేసరికి తగ్గిపోయేది. ఈసారి తగ్గలేదు. ఎడమ చెవిలో మోత అలాగే ఉండిపోయింది.

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే దారిలో, తవ్వకం ఆగిపోయిన సున్నపురాయి క్వారీలో ఒక చిన్న షూటింగ్ క్లబ్బు ఉంది. గాల్లోకి ఎగిరే మట్టి ప్లేట్లను డబుల్ బ్యారెల్ తుపాకీతో పేల్చడం అక్కడి ఆట. చుట్టూ నిలువు రాతిగోడలు. పేలిన ప్రతిసారీ ఆ చప్పుడు గోడలకు కొట్టుకుని మళ్ళీ చెవుల మీదే పడేది. చెవులకేమైనా పెట్టుకోవాలా అని కొత్తలో షమీమ్ అడిగితే కోచ్ దేవరాజ్ నవ్వేశాడు. ఆయన మాజీ సైనికుడు.

"మేమేం పెట్టుకున్నామమ్మా? అలవాటైపోద్దిలే" అన్నాడు. ఏ మాటైనా అరిచినట్టే చెప్పడం ఆయన పద్ధతి.

షమీమ్‌ను ఆ క్లబ్బుకు తీసుకొచ్చింది సింధూర. నందిగామ పిల్ల, డిగ్రీలో క్లాస్‌మేట్. షమీమ్ వాళ్ళ నాన్న చాంద్ బాషా సిమెంటు లారీ డ్రైవరు. ఆడపిల్లకు తుపాకీ ఏమిటని ఆయన తటపటాయిస్తుంటే సింధూరే ఇంటికొచ్చి ఒప్పించింది. "నేనుంటాగా బాబాయ్, దాన్ని నేను చూసుకుంటా" అంది. ఆ మాట మీదే ఆయన పంపించాడు.

మొదట్లో షమీమ్ గురి చూసి దేవరాజే ఆశ్చర్యపోయేవాడు. స్కోరులో సింధూర ఎప్పుడూ ఆమె వెనకే ఉండేది. రానురాను షమీమ్‌కు ఒక జబ్బు పట్టుకుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో, ఇంకా పేలకముందే, రాబోయే చప్పుడుకు కళ్ళు మూతలు పడేవి. గొట్టం కిందికి వాలేది. ప్లేటు చెక్కుచెదరకుండా వెళ్ళి అవతల పడేది. "భయపడుతున్నావు" అని అరిచేవాడు దేవరాజ్. అది నిజమేననుకుని షమీమ్ తనను తానే తిట్టుకునేది. ఆ ఏడాది స్టేట్ టీమ్‌కు సింధూర ఎంపికైంది. ఆ రోజు అందరికీ స్వీట్లు పంచింది షమీమే.

మోత తగ్గక షమీమ్ విజయవాడ వెళ్ళి చూపించుకుంటే, చెవుల డాక్టరమ్మ పరీక్ష చేయించి, గీతలున్న కాగితం ముందు పెట్టుకుంది.

"కుడిచేతి వాటమేగా నీది? తల అటు వాల్చి కాలుస్తావు కాబట్టి ఎడమ చెవి గొట్టం వైపు ఉంటది. దెబ్బంతా దానికే తగిలింది."

"మళ్ళీ మామూలవుతుందా అండీ?"

"పోయిన వినికిడి రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. చెవి లోపల ప్లగ్గులు, పైన చెవిని కప్పేసే మఫ్‌లు, రెండూ ఉండాలి. ఒక్కసారి కాల్చినా సరే, అవి లేకుండా వద్దు."

తిరిగొచ్చేటప్పుడు షమీమ్ నందిగామలో బస్సు దిగేసింది. సింధూర కూడా అదే క్వారీలో, అదే తుపాకీతో కాలుస్తోంది. దాని చెవులైనా దక్కాలి. ఫోన్‌లో చెబితే నవ్వి కొట్టిపారేస్తుందని నేరుగా ఇంటికే వెళ్ళింది. సింధూర ఇంట్లో లేదు. వాళ్ళమ్మ సీతారావమ్మ మంచినీళ్ళిచ్చి, సంగతంతా విని నోరు తెరిచింది.

"అదేంటే, నువ్వు పెట్టుకోవట్లేదా? మా సింధు మొదట్నించీ పెట్టుకుంటందిగా. మీ సారు ఎగతాళి చేస్తాడని జుట్టు కింద కనపడకుండా పెట్టుకుంటది. మా తమ్ముడి చేత హైదరాబాద్ నుంచి రెండు జతల ప్లగ్గులు తెప్పించా. ఒకటి నీకిమ్మని చెప్పే ఇచ్చానమ్మా."

షమీమ్ గ్లాసు కింద పెట్టింది. "ఇచ్చింది ఆంటీ. నేనే పోగొట్టుకున్నా" అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు. ఆ పెద్దావిడ ముందు సింధూరను దొంగగా నిలబెట్టడానికి నోరు రాలేదు.

గేటు దగ్గర స్కూటీ ఆగింది. షమీమ్ బయటికి నడిచింది.

"నా జత ఏదే?"

సింధూరకు వెంటనే అర్థమైంది. హెల్మెట్ తీసి సీటు మీద పెట్టింది.

"ఇద్దామనే అనుకున్నానే, ఒట్టు. అప్పట్లో నువ్వు నాకంటే బాగా కొడుతున్నావు. రేపిద్దాం, ఎల్లుండిద్దాం అనుకున్నా. ఈలోపు నీ గురి తప్పడం మొదలైంది. అప్పుడిస్తే, ఇన్నాళ్ళూ దాచానని తెలిసిపోద్దిగా."

"గురెందుకు తప్పుతోందో నీకు తెలుసా?"

సింధూర తల దించుకుంది.

"తెలిసే, సారు నన్ను పిరికిదాన్నని తిడతంటే పక్కన నిలబడి విన్నావా?"

"షమ్మీ..."

సింధూర లోపలికి పరుగెత్తి, సీలు కూడా విప్పని చిన్న డబ్బా తెచ్చి చేతిలో పెట్టబోయింది. షమీమ్ చెయ్యి వెనక్కి తీసుకుంది. బస్సులో జగ్గయ్యపేట దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఏడుపు రాలేదు. వీపు మీద చెయ్యేసి "పర్లేదే, రేపు కొడతావులే" అని సింధూర ఓదార్చిన రోజులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ చెయ్యి పడిన చోటల్లా ఒళ్ళు జలదరించింది.

మర్నాడు క్లబ్బుకు వెళ్ళి డాక్టరమ్మ ఇచ్చిన కాగితం దేవరాజ్ ముందు పెట్టింది. సింధూర పేరెత్తలేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "టీవీ సౌండు తగ్గించమని మా ఆవిడ రోజూ గోల పెడతది" అని అరిచాడు. కాగితం తిరిగిచ్చి లేచి వెళ్ళిపోయాడు. కొద్ది రోజుల్లోనే అందరికీ మఫ్‌లు వచ్చాయి. అవి లేకుండా తుపాకీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

షమీమ్ తన ప్లగ్గులు తానే కొనుక్కుంది. మెత్తని ఆ ముక్కను వేళ్ళ మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి లాగి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో నొక్కి పట్టుకోవడం నేర్చుకుంది. దాని మీద మఫ్. కళ్ళు మూసుకోవడం మెల్లగా తగ్గింది. ప్లేట్లు మళ్ళీ పగలసాగాయి. చెవిలో మోత మాత్రం తగ్గలేదు.

ఒక సాయంత్రం ఆమె తుపాకీ తుడుచుకుంటుంటే సింధూర వచ్చి ఎడమ పక్కన నిలబడింది. "షమ్మీ, ఒక్కసారి మాట్లాడవే" అంది. సన్నగా, అస్పష్టంగానే అయినా ఆ మాట షమీమ్‌కు వినపడింది. తల తిప్పలేదు. వినపడలేదేమో అనుకుని సింధూర ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది. షమీమ్ తుపాకీ పెట్టెలో పెట్టి, తాళం వేసి, రోడ్డు మీదికి నడిచింది.