ప్రార్థన మనవి

పసివాడి కోసం మోకరించండి, పదిమందికీ పంపండి, ఈ మాటలు ఎక్కడో చదివినట్టుందే అనుకుంటూ కృపావతి కళ్ళజోడు పైకి తోసుకుని కంప్యూటరు తెరమీదికి వంగింది, పొద్దుటినుంచి ఇది నలభయ్యో సందేశం, అమలాపురం కాలేజీలో జ్యోతిర్మయిగారు అప్పగించిన పని ఇదే, వాట్సాప్ పుకార్లని కృత్రిమ మేధ ఏరుతుంది, అది సరిగ్గా ఏరిందో లేదో మనుషులు చూసి గుర్తు నొక్కాలి, దానికి మన గోదారి మాట ఇంకా పట్టుబడలేదండీ, మీరే నేర్పాలి అన్నారావిడ, మా ఆయన పోయేక యాభయ్యెనిమిదో ఏట పలక పట్టినదాన్ని, నేను నేర్పడమేంటండీ అంటే, ఆయ్, ఆలస్యంగా నేర్చినవాళ్ళే ప్రతి అక్షరం చూస్తారండీ అని నవ్వేరు.

చూస్తూనే ఉంది, గంప భూలక్ష్మి అమ్మిన చేపలు తిని మన సంఘం మెర్సీ కొడుక్కి వాంతులు, శవాలకి వాడే మందు కొట్టిన చేపలట, పక్కనే యంత్రం పెట్టిన ఆకుపచ్చ గుర్తు, ప్రార్థన, హాని లేదు అని, పంపినవారి పేరు తీసేసేరు గానీ ఆ మాటలు తనవే, చర్చి సంఘం స్త్రీల గ్రూపులో ఏ కబురైనా ప్రార్థన మనవిగానే పెట్టాలి, ఉత్తి కబుర్లయితే పాస్టరమ్మగారు ఊరుకోరు, మందు సంగతి ఏ ఊరిదో వీడియోలోది, భూలక్ష్మి పేరు తను చేర్చింది, అబ్బో వదినా, పాస్టరమ్మగారే రాసేరనుకున్నాం అని అందరూ మెచ్చుకున్నారు, వారానికి పిల్లాడిది టైఫాయిడని తేలింది, చేపల వల్ల కాదని మళ్ళీ రాద్దామనుకుంది, రాయలేదు, ఆ పొగడ్త చెరిగిపోతుందని, ఈలోగా భూలక్ష్మి నిండు గంపతో గుమ్మంలో నిలబడింది, నువ్వూ కొనవా కృపావతమ్మా, వాసన చూడు, గోదారి తప్ప ఇంకేముంది ఇందులో, ఈవేళ వద్దులే అని తను తలుపు దగ్గరికి వేసింది, ఎవరూ కొనక భూలక్ష్మి ఇప్పుడు రావులపాలెం హోటల్లో అంట్లు తోముతోందట.

ఏవండీ, ఆగిపోయేరు, ఆకుపచ్చదేగా, నొక్కేసి టీకి రండి అంటున్నారు జ్యోతిర్మయిగారు, నొక్కేస్తే ఎవరికీ తెలియదు, యంత్రం ఇలాంటివన్నీ మంచివేనని నేర్చుకుంటుంది, దానికేం తెలుసు పాపం, మోకరించమన్న మాట చూసి నమ్మేసింది, ఎర్ర గుర్తు నొక్కింది, అదేంటండీ, ప్రార్థన కదా, అబద్ధమని మీకెలా తెలుసు అన్నారావిడ, నేనే రాసేనండీ అంది కృపావతి, అది పంపిన రోజు తను మోకరించనే లేదు, పిల్లాడి పేరు ఒక్కసారైనా దేవుడి దగ్గర ఎత్తలేదు, ఎవరెవరు చదివేరో చూసుకుంటూ ఫోను పట్టుకుని కూర్చుంది.